పోలమ్మ కనిపించిన ఎత్తు

నెల్లూరు తీరం నుంచి తిరిగొచ్చిన రోజు ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న, ఏం తెచ్చావని. మలై కాజాలు తెచ్చాను. సగం రైల్లోనే అయిపోయాయి. డబ్బా తెరిచి చూసి మా ఆడబిడ్డ నావైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. కాజాలు పంచలేకపోయినా కథ పంచుకోవచ్చు కదా అని ఇది రాస్తున్నాను.

నా పని మ్యాపులు గీయడం. సముద్రం ఏ ఊరి దగ్గర ఒడ్డుని ఎంత కోసుకుపోయిందో విమానం నుంచి ఫొటోలు తీసి లెక్కగట్టే చిన్న కంపెనీలో చేస్తున్నాను. ఇన్నేళ్ళూ ఎవరో తీసిన ఫొటోలు ముందేసుకుని కరీంనగర్లో ఫ్యాను కింద కూర్చుని సముద్రపు ఒడ్డు గీసినదాన్ని. ఫొటోలు తీయించే మనిషికి ఈసారి కాలు విరిగింది. "నువ్వు పో, ఏముంది, కూర్చోవడమే కదా" అన్నారు. జాతరలో రంగులరాట్నం ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషిని నేను. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

రేణిగుంట

విమానం చూడగానే వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. ముందు ఇద్దరు, వెనక నేను, నా పక్కన కెమెరా పెట్టె. అంతే. తలుపు వేస్తే మా పాత మారుతి కారు తలుపు చప్పుడే వచ్చింది.

కెప్టెన్ కృష్ణమోహన్ గారిది తెనాలి. జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం పెళ్ళి పందిట్లో వడ్డనలు పురమాయించే పెద్దమనిషిది. నన్ను చూడగానే "భయమేస్తోందా మేడం గారూ?" అని అడిగారు. లేదన్నాను. "అయితే మీకు దీని సంగతి తెలియదన్నమాట" అని తనే నవ్వి, టిఫిన్‌కి తీసుకెళ్ళారు.

రోడ్డు పక్క బండి మీద కారం దోసె యాభై రూపాయలు. దోసె మీద ఎర్ర కారం పూసి, దాని మీద మళ్ళీ పప్పుల పొడి చల్లారు. మా కరీంనగర్లో మేం కారం తినేవాళ్ళమని గర్వంగా చెప్పుకుంటాం. ఇక మీదట చెప్పుకోను. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే నా ముందుకి ఎవరో మజ్జిగ గ్లాసు జరిపారు. ఆ అమ్మాయే షబానా, రెండో పైలట్. ఊరు బుచ్చిరెడ్డిపాలెం. "మెల్లిగా తినండక్కా, ఎవురూ లాక్కోరు" అంది. ఆ క్షణం నుంచి నేను తనకి అక్కనైపోయాను.

ఆ దోసెల దగ్గరే కెప్టెన్ గారు నాకు పాఠం చెప్పారు. విమానంలో ఎత్తు చూపించే మీటరు ఉంటుంది. దానికి నేల కనిపించదు. దానికి తెలిసిందల్లా గాలి ఒత్తిడి ఒక్కటే. ఇవాళ ఒత్తిడి ఇంత అని ఎయిర్‌పోర్ట్ టవర్ వాళ్ళు ఒక అంకె చెబుతారు. మీటరు కింద చిన్న పిడి ఉంటుంది, అది తిప్పి ఆ అంకె పెట్టాలి.

"పెట్టకపోతే?" అన్నాను.

"అబద్ధం చెబుతుందండీ. అల్పపీడనం వచ్చిన రోజు పాత అంకె అలాగే ఉంచామనుకోండి, మనం కింద ఉన్నా పైనే ఉన్నామంటుంది. పైన ఉన్నా కింద ఉన్నామంటే ఫర్వాలేదు, బతికిపోతాం. అందుకే రెండు మీటర్లు. నాది నేను చూస్తాను, ఆవిడది ఆవిడ చూస్తుంది. తేడా వస్తే నోరు తెరవాలి. అవునా అమ్మాయ్?"

"అవును సార్" అంది షబానా. ఆయన పక్కన ఉన్నంతసేపూ తను మరో మాట ఎక్కువ మాట్లాడదు. ఆయన కుర్చీలో కూర్చునేదాకా కూర్చోదు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేస్తే తనూ లేచింది, దోసె సగం ఉండగానే.

ఆ మధ్యాహ్నం ఎగిరాం. కొండలు దాటాక కింద అంతా చదునే. గూడూరు వెనక్కి పోయింది, ఆ తర్వాత పచ్చటి వరి మళ్ళు, ఆ తర్వాత అద్దం ముక్కలు పరిచినట్టు రొయ్యల చెరువులు, ఆ వెనక సముద్రం. ఇన్నేళ్ళు తెర మీద గీసిన గీత నా కళ్ళ ముందు కదులుతోంది, నురగతో సహా. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తిరగడం సంగతే మర్చిపోయాను.

చెవుల్లో పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో షబానా గొంతు వినిపిస్తూనే ఉంది. "వెయ్యి అడుగులు సార్. తొమ్మిది వందలు. ఏడు వందలు, సరిపోయింది సార్." కెప్టెన్ గారు ప్రతిదానికీ "చూశాను" అంటున్నారు. ఏడు వందల అడుగుల నుంచి చూస్తే చెరువు గట్ల మీద మనుషులు నువ్వు గింజల్లా ఉన్నారు.

తోటపల్లి గూడూరు

మర్నాటికి బంగాళాఖాతంలో అల్పపీడనం. టీవీలో ఆ మాట విన్నప్పుడు కరీంనగర్లో మేం బట్టలు లోపలికి తెచ్చుకుంటాం, అంతే. ఇక్కడ ఆ మాట వింటే పనులన్నీ మారిపోతాయి. విమానం లేవదన్నారు. కెప్టెన్ గారు వాతావరణం చూసుకుంటూ రేణిగుంటలోనే ఉండిపోయారు. నేల మీద నేను చూడాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. చెరువు గట్ల మీద సున్నంతో తెల్లటి పెద్ద గుర్తులు వేయించాం, ఫొటోలో అవి కనబడితేనే నా మ్యాపు కుదురుతుంది. వాన వాటిని కడిగేసిందేమో చూడాలి. షబానా కారు తీసింది.

తోటపల్లి గూడూరు దాటాక ఒక గట్టు మీద మా గుర్తు సగం పోయింది. మిగతా సగం మీద ఒకావిడ వలలు ఆరేసింది. వానలో వలలు ఆరేయడమేమిటని అడిగాను.

"ఆరేయలా. ఎగిరిపోతాయని రాళ్ళు పెట్టినా" అంది ఆవిడ. పేరు పోలమ్మ. రెండు చెరువులు కౌలుకి తీసుకుని మొగుడూ తనూ రొయ్యలు వేశారు. తల మీద యూరియా సంచి కొంగులా కప్పుకుంది, నడుముకి ఎర్ర తువ్వాలు బిగించింది. మబ్బు పట్టిన రోజున నీళ్ళలో గాలి చాలక రొయ్యలు పైకి తేలతాయట, అందుకని నీళ్ళు చిమ్మే ఏరియేటర్లు ఆగకుండా తిప్పాలి. కరెంటు పోతే పరుగెత్తాలి. మాతో మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చూపు చెరువు మీదే ఉంది.

వలలు పక్కకి జరిపి, సున్నం బకెట్టు తనే పట్టుకుని గుర్తు మళ్ళీ వేయించింది. మేం ఇవ్వబోయిన డబ్బులు తీసుకోలేదు. పైగా టీ పెట్టి ఇచ్చింది, అల్లం దంచి.

"నిన్న పోయిందే ఇమానం, అది మీదేనా? ఎండ్రకాయంత ఉండింది."

"మాదే అక్కా."

"మళ్ళీ వస్తే చెయ్యి ఊపుతా. కనిపిస్తానా?"

"ఏడు వందల అడుగులక్కా. మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు" అన్నాను.

పోలమ్మ కొంచెం నొచ్చుకుంది. "తెలీకపోతే పోయింది, నేనైతే ఊపుతా" అంది.

బుచ్చి

బుచ్చిరెడ్డిపాలెం అని పూర్తిగా అనేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ నాకు దొరకలేదు. బుచ్చి అంటే చాలు. షబానా వాళ్ళ నాన్న రఫీ గారిది ధాన్యం వ్యాపారం. వీధి గదిలో బస్తాలు, లోపల ఇల్లు. ఇల్లంతా కొత్త వడ్ల వాసన. రాత్రికి మా ఇంట్లోనే ఉండాలి, లాడ్జి మాటెత్తితే ఊరుకోమన్నారు.

వంట షబానా వాళ్ళ జేజిది. జేజి అంటే నాన్నమ్మ. మనిషి పిడికెడే, వంటింట్లోకి మాత్రం కోడల్ని కూడా రానివ్వదు. బొమ్మిడాయిల పులుసు చేసింది. మామిడికాయ ముక్కలు వేసి, మట్టి దాకలో, పొద్దున్నే చేసి సాయంత్రం దాకా అలా ఉంచిన పులుసు. వాసనకే నా కడుపు కేకలు పెట్టింది. నేల మీద పొడుగాటి గుడ్డ పరిచి చుట్టూ కూర్చున్నాం.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులుపు ఉంది, కారం ఉంది, చేప వెన్నలా ఉంది. ఉప్పు లేదు. తగ్గడం కాదు, దాదాపు లేదు.

"ఎట్టుందమ్మా?" అంది జేజి, నా మొహంలోకి చూస్తూ.

"అద్భుతంగా ఉంది" అన్నాను. రఫీ గారు గట్టిగా తలూపారు. అప్పుడు నా మోకాలికి ఏదో తగిలింది. గుడ్డ అంచు కింద నుంచి షబానా ఒక చిన్న డబ్బా నా ఒళ్ళోకి తోసింది. ఉప్పు డబ్బా. జేజి అన్నం తేవడానికి అటు తిరగ్గానే అందరూ చకచకా చిటికెడు చిటికెడు చల్లుకున్నారు. ఎవరూ నవ్వలేదు. డబ్బా మళ్ళీ ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి తిరిగి రఫీ గారి దగ్గరికి చేరింది.

తర్వాత డాబా మీద నిలబడి షబానాని అడిగాను. "జేజికి నాలిక మీద ఉప్పు తెలీడం మానేసిందక్కా" అంది. "మా అమ్మ ఒకసారి చెప్పబోతే మా నాన్న కళ్ళురిమినాడు. వంట ఒకటే గదా ఆమెకి మిగిలింది. చెప్తే గరిటె కింద పెట్టేస్తాదని భయం. పెద్దోళ్ళకి ఎట్టా చెప్తాం, అందులో ఇంటికొచ్చినోళ్ళ ముందర?"

ఆ ఇంటి మీద నాకు విపరీతమైన ప్రేమ పుట్టింది. మా ఇంట్లో అయితే ఉప్పు తగ్గిందని మా మామగారు పక్కింటికి వినబడేలా చెబుతారు.

పోలమ్మ చెరువు మీద

వాన తెరిపిచ్చింది. ఇవాళ ఒక్క పూటే ఖాళీ, మళ్ళీ ముసురుతుందని కెప్టెన్ గారు ఫోన్ చేశారు. ఆదరాబాదరాగా రేణిగుంట చేరాం. విమానంలో కూర్చున్నాక కూడా నేను ఆయనతో కబుర్లు చెబుతూనే ఉన్నాను, బొమ్మిడాయిల గురించి. ఆయనకి ఆ చేపంటే ప్రాణం. ఒక పక్క టవర్ వాళ్ళు అంకె చెబుతున్నారు, ఆయన ఆ అంకెని పైకి సరిగ్గానే తిరిగి చెప్పారు. చెయ్యి మాత్రం అలవాటుగా మొన్నటి అంకె దగ్గరే ఆగింది. ఇదంతా దిగాక తెలిసింది. అప్పుడు నాకేం తెలుసు, మామిడికాయ ముక్కల గురించి చెబుతున్నాను.

ఎగిరిన కాసేపటికి నేను ఒకటి చూశాను. షబానా తన మీటరు చూసింది, ఆయన మీటరు చూసింది, మళ్ళీ తనది చూసింది. వెనక్కి తిరిగి నావైపు ఒక్క క్షణం చూసింది. నేను నవ్వాను, తనూ నవ్వింది. ఆ తర్వాత చెయ్యి చాపి తన మీటరు కింది పిడిని మెల్లగా తిప్పింది, ఆయన మీటరుకి సమానమయ్యేదాకా. నా కళ్ళకి అది గోడ గడియారం సరిచేసినట్టే ఉంది.

తీరం దగ్గర మబ్బు కిందికి దిగింది. ఫొటోలో మబ్బు పడితే నాకు పనికిరాదు. "ఇవాళ ఐదు వందలకి దిగుదాం" అన్నారు కెప్టెన్ గారు. దిగుతున్నాం. "ఆరు వందలు సార్" అంది షబానా. ఆయన "చూశాను" అన్నారు. రెండు మీటర్లూ ఒకే మాట చెబుతున్నాయి.

నేను కిటికీకి మొహం ఆనించి చూస్తున్నాను. ఏరియేటర్ల నీళ్ళు చిమ్మడం కనిపిస్తోంది. గట్టు మీద మా తెల్ల గుర్తు, ఎంత పెద్దగా, ఎంత చక్కగా ఉందో! దాని పక్కన మనిషి, తల మీద యూరియా సంచి, గాల్లో ఊగుతున్న ఎర్ర తువ్వాలు.

"పోలమ్మ!" అని అరిచాను, పట్టలేని సంతోషంతో. "షబానా, పోలమ్మ! చెయ్యి ఊపుతోంది! మొహం కూడా కనిపిస్తోంది చూడు!" నేను కూడా రెండు చేతులూ ఊపాను.

షబానా తన పక్క కిటికీలోంచి కిందికి చూసింది. తర్వాత ముందుకి చూసింది. కృష్ణపట్నం వైపు వెళ్ళే కరెంటు టవర్లు వానపొగలోంచి బయటికొస్తున్నాయి. వాటిని మేం పైనుంచి చూడాలి. అవి మా ఎదురుగా ఉన్నాయి.

"సార్, మనం శానా కిందుండాం. పైకి. ఇప్పుడే పైకి."

ఆ గొంతులో ఎప్పటి 'అవును సార్' లేదు, 'కొంచెం చూస్తారా' అన్న బతిమాలడం లేదు. ఆయన ఎందుకని అడగలేదు. ఇంజను గర్జించింది, నేను సీట్లోకి అణిగిపోయాను, కెమెరా పెట్టె మూత ఎగిరి నా భుజానికి కొట్టుకుంది. తీగలు మా కింద నుంచి వెనక్కి పోవడం నేను చూశాను. ఎంత కింద నుంచి అని అడక్కండి.

మళ్ళీ రేణిగుంట

దిగాక చాలాసేపు ముగ్గురం రెక్క నీడలో నిలబడ్డాం.

"అంకె తప్పు పెట్టింది నేను. నేల మీద ఉన్నప్పుడే మీటరు చూసుంటే తెలిసిపోయేది. తొందరపడ్డాను. అది నా తప్పు" అన్నారు కెప్టెన్ గారు. "నీ మీటరు ఏం చూపించింది అమ్మాయ్?"

షబానా తల దించుకుంది. "మూడు వందలు తక్కువ చూపించింది సార్. నేను టవర్ చెప్పిందే పెట్టినా. మీది వేరేగా ఉంటే… మీరు తప్పు పెట్టరు గదా, నేనే సరిగా వినలేదేమో అనుకున్నా. మీదాని ప్రకారం మార్చేసినా."

"నోరు తెరవమన్నాను కదమ్మా."

"ఎనక అక్క ఉండింది సార్. బయటోళ్ళ ముందర మీది తప్పని ఎట్టా చెప్పేది?"

నా ముందు ఆయన మర్యాద పోకూడదని ముగ్గురం తీగల్లోకి వెళ్ళబోయామన్నమాట. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకున్నాను కూడా.

కెప్టెన్ గారు తిట్టలేదు. "నన్ను కాపాడటానికి నీ చేతిలో ఉన్నది ఆ రెండో మీటరు ఒక్కటే షబానా. దాన్ని కూడా నాలాగే చేసేశావు. నువ్వు నన్ను గౌరవించలేదు, ఒంటరివాణ్ణి చేశావు" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ షబానా వెక్కి వెక్కి ఏడ్చింది.

జరిగింది జరిగినట్టు ఆయనే పై అధికారులకి తెలియజేశారు, తన తప్పు ముందు చెప్పి. ఇద్దరికీ మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష, అది అయ్యేదాకా ఎగరకూడదన్నారు. షబానా ఉద్యోగం ఉంటుందా అన్నది పరీక్షలో తేలుతుంది. ఎగరడం తేలిక, తను దాటాల్సింది అది కాదు. పక్కనున్న పెద్దాయనకి తప్పని చెప్పగలదా లేదా అన్నదే వాళ్ళు చూస్తారు. "మళ్ళీ అట్టాంటిది వస్తే చెప్తానో లేదో నాకే తెలీదక్కా" అంది నాతో. "ఈసారి పోలమ్మ చెప్పింది, నేను గాదు."

మళ్ళీ బుచ్చి

ఇంట్లో చెప్పాలి కదా. షబానాని ఒక్కదాన్నే పంపనని నాతోపాటు కెప్టెన్ గారు కూడా వచ్చారు. దారిలో నెల్లూరులో ఆగి నేను కాజాలు కొన్నాను. ఆయన బేరమాడబోతే కొట్టతను ఓపిగ్గా నవ్వి, ధర తగ్గించకుండా ఒక కాజా చేతిలో పెట్టాడు. ఆయన దానికే పొంగిపోయారు.

రఫీ గారు అంతా విన్నారు. కూతురి తల మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచారు. జేజికి విమానాలూ మీటర్లూ ఎక్కలేదు, ఎవరికో ఏదో గండం గడిచిందని మాత్రం అర్థమైంది. కెప్టెన్ గారికి బొమ్మిడాయిలంటే ప్రాణమని నేను చెప్పిన మాట ఎలా చేరిందో, అదే పులుసు చేసింది.

గుడ్డ పరిచారు. రఫీ గారి ఒళ్ళో డబ్బా ఉందని నాకు తెలుసు. కెప్టెన్ గారు ఎంతో ఇష్టంగా పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఆయన దవడ ఆగింది. కనుబొమలు కొంచెం పైకి లేచాయి.

"ఎట్టుంది నాయనా?" అంది జేజి.

ఆయన పెద్దమనిషి. బాగుందనడానికి నోరు తెరిచారు.

"జేజీ" అంది షబానా. "ఉప్పు చాల్లేదు."

రఫీ గారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. షబానా వాళ్ళమ్మ గుమ్మంలో కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏం మే?" అంది జేజి.

"పులుసులో ఉప్పు లేదు జేజీ. ఇయ్యాలే గాదు, శానా నాళ్ళ నించి" అంది షబానా.

జేజి గరిటెతో తీసుకుని చేతిలో పోసుకుని నాకింది. ఆమెకేమీ తెలియలేదని మొహంలోనే తెలిసింది. కొడుకు వైపు తిరిగింది. "నిజమేనా రా?"

రఫీ గారు తలెత్తలేదు. ఒళ్ళోంచి డబ్బా తీసి గుడ్డ మీద పెట్టారు. జేజి ఆ డబ్బాని చాలాసేపు చూసింది.

"అందురూ అట్టా దాచుకోని తిన్నారా, ఇన్నాళ్ళూ?"

"నువ్వు బాధపడతావనమ్మా" అన్నారాయన.

"పడతా. ఎందుకు పడను? బాధపడి ఉప్పేస్తా గదా!" అంది జేజి. కళ్ళు తుడుచుకుంది. మోకాళ్ళ మీద చేతులానించి లేచింది, పులుసు దాక ఎత్తుకుంది, డబ్బా కూడా తీసుకుని వంటింట్లోకి నడిచింది. అందరం గుమ్మం వైపే చూస్తున్నాం. గరిటె కింద పెట్టేస్తుందేమోనని నా భయం.

లోపల్నుంచి కేక వినిపించింది.

"షబానా! రా మే ఇట్టా. నేనేస్తా, నువ్వు నోట్లో ఏసుకోని చెప్పు. గెట్టిగా చెప్పు, నాకు చెవులు గూడా సరిగా లేవు!"

షబానా పరుగెత్తింది. కాసేపటికి లోపల్నుంచి తన గొంతు వినిపించింది, పైలట్ సీట్లో విన్న గొంతే. "ఇంకా చాల్లేదు. ఇంకొంచెం. ఇంకొంచెం జేజీ. ఆ, సరిపోయింది!"

"చూశాను" అన్నారు కెప్టెన్ గారు, వంటింటి వైపు తిరిగి. తర్వాత కంచం కొంచెం వెనక్కి జరుపుకుని, పులుసు మళ్ళీ వచ్చేదాకా ఆగారు.